కోస్గిలో కొమ్ముల సైకిల్

"గంత దూరం పోయి పాత ఇనుము తెస్తవా?" అని మా ఇంటాయన అడిగాడు. జవాబు చెప్పకుండానే శుక్రవారం పొద్దున ఐదూ నలభైకి నార్కట్‌పల్లి చౌరస్తాలో నల్లగొండ బస్సెక్కాను. జవాబు లేక కాదు. చెప్పడం మొదలుపెడితే బస్సు పోతుంది. ఇప్పుడు తీరిక ఉంది కాబట్టి చెబుతాను.

నా పేరు యాదమ్మ. నార్కట్‌పల్లిలో హైవే పక్కన ఉన్న సైకిల్ దుకాణం నాది. మా బాపు పెట్టినప్పుడు దాన్ని సైకిల్ టాక్సీ అనేవారు, గంటల లెక్కన సైకిళ్లు కిరాయికి ఇచ్చేవాళ్లం. ఇప్పుడు కిరాయిలు లేవు, రిపేర్లే. నా వయసు నలభై ఆరు. అందులో ముప్పై ఏళ్లు చక్రాలకు బెండు తీయడంలోనే పోయాయి.

నల్లగొండలో ఒక ఆదివారం సైకిల్ బృందం ఉంది. పదిహేను మంది మగవాళ్లు. పొద్దున ఆరింటికల్లా మా చౌరస్తా దాటి కట్టంగూర్ దాకా పోయి వస్తారు. ఒక్కొక్కరి సైకిల్ మోటారు సైకిలంత ధర. చక్రం వంకర పోతే మాత్రం నా దగ్గరికే తెస్తారు. రెండు నెలల కింద ఒక ఆదివారం మా బాపు నడిపిన నల్ల సైకిల్ తీసుకుని నేనూ వాళ్ల వెంట బయల్దేరాను. బృందానికి పెద్ద మహేందర్, నల్లగొండ గడియారం దగ్గర హార్డ్‌వేర్ దుకాణం ఆయనది. నన్ను ఆపి, "ఏమనుకోకక్కా. మాదొక రూలున్నది. రోడ్ బైక్ ఉన్నోళ్లకే. నీది పాలసైకిల్" అన్నాడు. అందరూ నవ్వారు. నేను బెండు తీసిన చక్రాల మీదే నన్ను వదిలేసి పోయారు. ఆ రోజు వచ్చిన కోపం ఈ రోజుకీ దిగలేదు, దించుకోవాలని కూడా లేదు.

రోడ్ బైక్ అంటే ఏముంది? సన్న చక్రాలు, కిందికి వంగిన హ్యాండిల్, గేర్లు. అంతే కదా! కొత్తది కొనే తాహతు లేదు. పాతదైతే రూలుకు అడ్డమా? కాదు. అట్లా వెతుకుతుండగా మా దుకాణం ముందు చాయ్‌కి ఆగిన గొర్రెల లారీ డ్రైవర్ ఒకాయన ఫోన్లో ఫోటో చూపించాడు. "కోస్గిల మల్లయ్య అని గొర్ల బేరగాడున్నడు. ఆయన కొట్టంల ఉన్నది. పొట్టేలు కొమ్ముల సైకిల్ అంటరు మావోళ్లు" అన్నాడు. ఫోటోలో హ్యాండిల్ నిజంగానే పొట్టేలు కొమ్ముల్లా చుట్టుకుని ఉంది. ఒక కొమ్ము ఎరుపు, ఒక కొమ్ము పచ్చ.

మల్లయ్యకు ఫోన్ చేశాను. "హైద్రాబాద్ హోటలోళ్లు గోడకు తగిలిచ్చుకుంటమని అడుగుతున్నరు. ఆదివారం వస్తరట. ముందుగాల ఎవరు చెయ్యి పెడితే వాళ్లదే" అన్నాడు. చెయ్యి పెట్టడం అంటే బయానా ఇవ్వడం అనుకున్నాను. తప్పుగా అర్థం చేసుకున్నానని కోస్గికి పోయాక తెలిసింది. లారీ డ్రైవర్ మాటను బట్టి, హోటల్ వాళ్లు ఇస్తామన్న దాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ నా దగ్గర ఉంది. అంతకు మించి లేదు. శనివారం లోపల ఆ సైకిల్ నాదైతే అయినట్టు, లేకపోతే పాలసైకిల్ అనే మాట నా నెత్తిన అట్లాగే ఉండిపోతుంది.

ఈ దారిన పోయేవారికి ఒక మాట. అందరూ హైదరాబాద్ మీదుగా పొమ్మంటారు. నేను ఆ ఊరి ముఖం చూడకుండా అడ్డంగా పోయాను: నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి, మహబూబ్‌నగర్, కోస్గి. నాలుగు చోట్ల బస్సు మారాలి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, అందుకని ఛార్జీలు నాకు తెలియవు. మగవారు కండక్టర్‌ను అడిగి తెలుసుకోండి.

ఆరూ ముప్పైకి నల్లగొండలో దిగి, ఆరూ యాభైకి దేవరకొండ బస్సు పట్టుకున్నాను. నా సామానంతా ఒక చేతిసంచి. అందులో దారపు ఉండ, అగ్గిపెట్టె, పాతగుడ్డ, కొబ్బరినూనె సీసా, రెండు పానాలు, గాలి పంపు, ట్యూబులు రెండు. సన్న టైర్లు రెండు మాత్రం సంచిలో పట్టక భుజానికి వేసుకున్నాను. ఆ కొలత టైర్లు అన్ని ఊళ్లలో దొరకవని, ఫోన్లోనే మల్లయ్యతో పాత టైరు మీది నంబరు చదివించి తెప్పించాను. పక్క సీట్లో కూర్చున్న అవ్వ ఒకామె వాటిని తడిమి చూసింది.

"ట్రాక్టర్‌వా బిడ్డా?"

"సైకిల్‌వి అవ్వా."

"సైకిలేది మరి?"

"కోస్గిల ఉన్నది. ఇంక కొనలేదు."

అవ్వ నోట్లో ఆకు పక్కకు తోసి, "అంటే పసుపుతాడు మెడలేసుకొని పిలగాన్ని చూడబోతున్నవన్నట్టు" అన్నది. చుట్టూ ఉన్న నాలుగు సీట్లు ఘొల్లుమన్నాయి. నాకూ నవ్వొచ్చింది. కొండమల్లేపల్లిలో దిగిపోతూ, "పిలగాని పండ్లు చూసి చేసుకో" అని ఇంకోటి తగిలించి పోయింది.

దేవరకొండలో ఎనిమిదిన్నర. బస్టాండ్ ఎదుట నలభై రూపాయలకు ఇడ్లీ వడ, పదికి చాయ్. చట్నీలో నీళ్లెక్కువ, చాయ్ మాత్రం చిక్కగా ఉంది. తొమ్మిదికి కల్వకుర్తి బస్సు. ఈ దారంతా గుట్టలు, రాళ్లు, ఎర్రనేల, పత్తి ఏరిన కట్టె. మార్చి మొదటివారం కనుక ఎండ ఇంకా ముదరలేదు, కిటికీ పక్కన కూర్చోవచ్చు. కల్వకుర్తిలో మారిన బస్సులోకి పల్లికాయ బస్తాలతో ఇద్దరు రైతులు ఎక్కారు. ఒకాయన నా టైర్లు చూసి, నా కథ విని, "పాతదాన్ని కొనుడంటే తెల్వని ఊర్ల రాత్రి బాయి దాటినట్టే చెల్లె. పైకి మంచిగ కనవడతది" అని హెచ్చరించాడు. నిజమే. అందుకే దారం తెచ్చుకున్నాను.

మహబూబ్‌నగర్ చేరేసరికి పన్నెండున్నర. బస్టాండ్ పక్క సందులో తొంభై రూపాయల భోజనం: జొన్నరొట్టె, పప్పు, గోంగూర, పెరుగు. ఒంటి గంటా పదికి కోస్గి బస్సు. కోయిలకొండ దాటాక రోడ్డు మెలికలు తిరుగుతుంది. ఎక్కడ చూసినా కంది కట్టె మోపులు, వాటి మధ్య గొర్రెల మందలు. రేపు ఇదే రోడ్డు మీద సైకిల్ తొక్కుతానా, ఇదే బస్సులో ఒట్టి టైర్లతో తిరిగిపోతానా అని మలుపు మలుపుకూ అనుకున్నాను. రెండూ నలభైకి కోస్గిలో దిగాను.

మల్లయ్య ఇల్లు అంగడి జాగ వెనక ఉంది. అరవై దాటిన మనిషి, భుజాన గొంగడి, దాని మీద ఎర్ర కండువ. నన్ను చూసి నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"మీ ఇంటాయన రాలేదా చెల్లె?"

"ఆయనకు సైకిళ్ల సంగతి తెల్వదన్నా. నాకు తెలుసు."

ఆయన భార్య బాలమ్మ గడపలో కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. ఆమె అన్న బావయ్య అక్కడే మంచం మీద ఉన్నాడు, ఆయనా బేరగాడే. బాలమ్మ లేచి నీళ్లిచ్చింది. తర్వాత అందరం కొట్టంలోకి వెళ్లాం. సైకిల్‌ను ఎద్దును కట్టినట్టు గుంజకు తాడుతో కట్టేసి ఉంచారు. హ్యాండిల్‌కు పొట్టేలు మెడ గంట వేలాడుతోంది.

మల్లయ్య చిన్నప్పుడు మహబూబ్‌నగర్‌లో రైల్వే ఉద్యోగి కొడుకు ఒకతను బదిలీ మీద పోతూ పోతూ ఈ సైకిల్ ఇచ్చి, బదులుగా మల్లయ్య దగ్గర ఒక పొట్టేలును తీసుకున్నాడట. పొట్టేలు ఇచ్చి తెచ్చుకున్నాడు కనుక మల్లయ్య లెక్కలో ఇదీ పశువే. ప్రతి ఏరువాక పున్నమికి ఎడ్ల కొమ్ములకు రంగు వేయగా మిగిలిన రంగును దీనికి పూసేవాడు. కొమ్ములతో ఆగలేదు, ఫ్రేము మొత్తం పూశాడు. ఎరుపు మీద పచ్చ, పచ్చ మీద నీలం, నీలం మీద మళ్లీ ఎరుపు. పాత సైకిళ్లు కొని దాచుకునేవాళ్లు చూస్తే ఏడుస్తారు. అసలు రంగు పోతే వాళ్ల దృష్టిలో ధర సగానికి పడిపోతుంది. నాకు రంగుతో పని లేదు, కింద ఎముక ఎట్లా ఉందో చూడాలి.

ముందు రెండు వేళ్లతో పైగొట్టం పట్టి లేపాను. లేచింది. మా బాపు సైకిల్‌ను రెండు చేతులతో లేపినా మూలుగు వస్తుంది. రూపాయి బిళ్లతో గొట్టాలు కొట్టి విన్నాను. రంగు మందంగా ఉన్నా లోపలి శబ్దం గంటలాగే వచ్చింది. పగిలిన గొట్టమైతే పగిలిన కుండలా పలుకుతుంది. తర్వాత వంగి చైను చక్రం పండ్లు చూశాను. అరిగిన పండ్లు ఒక వైపుకు వంగి కొక్కేల్లా అవుతాయి. ఇవి నిటారుగా ఉన్నాయి.

మల్లయ్య ఒక్కసారి నవ్వాడు. "నువ్వు గూడ పండ్లే చూస్తవా?"

"మీరు ఎద్దుకు ఎందుకు చూస్తరో నేను దీనికి గందుకే చూస్తన్న."

బస్సులో అవ్వ మాట గుర్తొచ్చింది. ముసలామె తమాషాకు అన్నా, సరిగ్గా చెప్పింది.

ఇక దారం. ఇది చదివేవాళ్లు గుర్తుపెట్టుకోండి, పైసా ఖర్చు లేని పరీక్ష. వెనక చక్రం తీసేసి, అది కూర్చునే చీలికకు దారం ఒక కొస కట్టాలి. దారాన్ని ముందుకు తెచ్చి హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, అవతలి వైపు చీలికకు కట్టాలి. సీటు కింది గొట్టానికీ దారానికీ మధ్య సందును రెండు వైపులా కొలవాలి. సమానంగా ఉంటే ఫ్రేము నిటారు, తేడా ఉంటే ఎక్కడో దెబ్బ తిన్నట్టు. అగ్గిపుల్లతో కొలిచాను. రెండు వైపులా ఒక పుల్లకు కొంచెం తక్కువ. మళ్లీ కొలిచాను, అంతే వచ్చింది. మనసులో గంతేశాను కానీ ముఖంలో కనిపించనివ్వలేదు.

సీటు గొట్టం తుప్పుకు బిగుసుకుపోయింది. నా అదృష్టం, నా ఎత్తుకు సరిపోయే చోటే బిగుసుకుంది. ఫ్రీవీల్‌లో ఐదు పళ్లచక్రాల్లో రెండు అరిగాయి. బ్రేకు రబ్బర్లు రాయిలా ఉన్నాయి. ఇవన్నీ నేను చేసుకోగల పనులే. చివరగా కళ్లు మూసుకుని వేళ్లతో ఫ్రేమంతా తడుముతూ పోయాను. హ్యాండిల్ గొట్టం దగ్గర, కింది గొట్టం మొదట్లో రంగు ఉబ్బెత్తుగా తగిలింది.

"ఇక్కడ ఏమైందన్నా?"

మల్లయ్య, బావయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అడిగిన దోషం దాయ, అడగని దోషం చెప్ప. గది మా బేరగాళ్ల నీతి. అడిగినవ్ గాబట్టి చెప్తున్న. వయసుల ఉన్నప్పుడు పొట్టేలుకు గుద్దుకున్న. గొట్టం పలిగింది. ఇక్కడి కంచరాయనతోని అతికిపిచ్చిన."

"కరెంటు వెల్డింగా?"

"అప్పుడు వెల్డింగ్ యాడిది? బిందెలకు అతుకేసే కంచరాయన. ఇత్తడి పోసిండు."

గోటితో రంగు గీకాను. ఎరుపు, నీలం, పచ్చ, ఎరుపు పోయాక సన్నని పసుపుగీత మెరిసింది. ఎంత నున్నగా ఉందంటే వేలికి అంచు కూడా తగలలేదు. ఈ రకం ఫ్రేములు పుట్టినప్పుడు చేసే అతుకు కూడా ఇత్తడిదే. కరెంటు వెల్డింగ్ చేసి ఉంటే సన్న గొట్టం కాలి పెళుసై ఉండేది, నేను అక్కడే వదిలేసి బస్సెక్కేదాన్ని. సైకిళ్ల సంగతి ఏమీ తెలియని ఒక కంచరి, బిందెకు చేసే పని చేసి, రేసు సైకిల్‌ను బతికించాడు.

"అతుకు బంగారమసొంటిది" అన్నాను.

బావయ్య తల పట్టుకున్నాడు. "కొనేటోళ్లు దోషాన్ని పెద్దగ జేసి చెప్తరక్కా! నువ్వు మెచ్చుకుంటున్నవేంది?"

ఆ తెలివి నాకు లేదా? ఉంది. కానీ పని మంచిగా ఉంటే మంచిగా ఉందనే అంటాను, బేరం పోతే పోనీ. ముప్పై ఏళ్లుగా నా పనిని చూసి పెదవి విరిచినవాళ్లే కానీ బాగుందన్నవాళ్లు తక్కువ. అదెట్లా ఉంటుందో నాకు తెలుసు. బాలమ్మ చాట పక్కన పెట్టి నా వైపు చూస్తోంది.

"తొక్కి చూస్తా" అన్నాను.

"చెయ్యి పడకముందు ఎక్కనియ్యం చెల్లె."

"ఎద్దును కాడి కట్టి చూపియ్యకుండ అమ్ముతవా అన్నా?"

మల్లయ్య సైకిల్‌కున్న ముడి విప్పాడు. ముప్పావుగంటలో నా టైర్లు, ట్యూబులు ఎక్కించి, బేరింగు గుండ్లకు నూనె పెట్టి, చున్నీ నడుముకు బిగించి ఎక్కాను. అంగడి జాగలో గతుకులన్నీ వెతికి వెతికి తొక్కాను. చేతులు వదిలి తొక్కాను, సైకిల్ ఏ పక్కకూ లాగలేదు. బ్రేకు కొట్టి ముందుకు ఒరిగి అతుకు మీద నా బరువంతా వేశాను. కిర్రుమనలేదు. పొట్టేలు గంట మాత్రం గణగణ మోగింది. నలభై ఆరేళ్ల ఆడమనిషి రంగుల సైకిల్ మీద గిరగిరా తిరుగుతుంటే అంగడిలో ఉన్నవాళ్లంతా పని ఆపి చూశారు. చూడనీ!

తిరిగి వచ్చేసరికి ఐదు. మల్లయ్య భుజం మీది కండువ తీసి చేతి మీద పరిచి, "బావయ్యా, చెల్లె తరఫున జర నువ్వు చెయ్యి పెట్టు" అన్నాడు.

అప్పుడు తెలిసింది, చెయ్యి పెట్టడం అంటే ఏమిటో. వీళ్ల బేరం నోటితో జరగదు. కొనేవాడు, అమ్మేవాడు కండువ కింద చేతులు కలిపి వేళ్లు పట్టుకుంటారు. పట్టిన వేళ్లను బట్టి ధర. పక్కన నిలబడ్డవాడికి కూడా ఎంతకైందో తెలియదు.

"నా తరఫున ఆయనెందుకు?"

"మొగోళ్లం మొగోళ్లం పట్టుకుంటం. పరాయి ఆడిమనిషి చెయ్యి పట్టుకుంటే మంచిగుంటదా చెల్లె?"

"పైసలు నావి, కండ్లు నావి, దారం నాది. చెయ్యి మాత్రం బావయ్యదా? ఒల్ల!"

నోటితో చెప్పమన్నాను. అది వాళ్లింట ఎన్నడూ లేదన్నాడు. మల్లయ్య కండువ దులిపి మళ్లీ భుజాన వేసుకుని, "నీ ఇష్టం. హోటలోళ్లు ఎల్లుండి రానే వస్తరు" అన్నాడు. మాట మెత్తగానే ఉంది, బేరానికి తలుపు మాత్రం మూసేశాడు. పాలసైకిల్ మాట మళ్లీ చెవిలో వినిపించింది. నల్లగొండలో రూలు, ఇక్కడ ఆచారం. పేరు వేరు, నేను బయట నిలబడటం ఒక్కటే. కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. అయినా బావయ్యను చెయ్యి పెట్టమనలేదు.

"నేను పెడత చెయ్యి" అన్నది బాలమ్మ.

మల్లయ్య నవ్వాడు. "నీకేమొస్తదే?"

"నలభై ఏండ్ల సంది నీ వెనక నిలవడి చూస్తలేనా? నువ్వు ఎన్ని వేళ్లు పట్టినవో నీ భుజం చూసి చెప్త. మొన్న కర్నాటకోళ్లకు గొర్లమ్మినప్పుడు ఎంతకైందో చెప్పనా ఇప్పుడు?"

మల్లయ్య నవ్వు ఆగిపోయింది. చెప్పొద్దని సైగ చేశాడు. బావయ్య నవ్వు మొదలైంది. చేసేది లేక మల్లయ్య తన భార్య చెవిలో ఏదో చెప్పాడు, ఇంతకు తగ్గొద్దని అయి ఉంటుంది. ఆమె కొట్టం గుంజ దగ్గర నా ఎదుట నిలబడి, కొంగు తీసి రెండు చేతుల మీద కప్పింది.

"పట్టిన వేళ్లెన్నో గన్ని వేల రూపాయలు. కణుపు మీద నొక్కితే ఇంకో ఐదొందలు. అరచేతుల గీత గీస్తే పది వేలు. ఒప్పుకుంటే చెయ్యంత పిసుకు. నోరు తెరిస్తే బేరం చెడుతది యాదమ్మా, యాదుంచుకో."

ఆమె చెయ్యి ఎండిన కట్టెలా గట్టిగా ఉంది. నా చెయ్యీ అంతే. ఆమె నా బొటనవేలి కింద కాయలు తడిమి, నా కళ్లలోకి చూసింది. మొదట ఆమె పట్టింది. నాకు అందని ధర. నేను నాది పట్టాను. ఆమె తగ్గించింది. దారిఖర్చు పోను నా దగ్గర ఉన్నదంతా పట్టాను, అంతకు మించి లేదు. ఆ తొందరలో వేలు జారి కణుపు మీద పడింది. లేని డబ్బు ఒప్పుకున్నట్టే! కాదని చెప్పడానికి నోరు తెరవకూడదు. బాలమ్మ ముఖం కదల్లేదు. కొంగు కింద మెల్లగా నా వేలు పట్టుకుని కణుపు మీది నుంచి పక్కకు జరిపింది. తర్వాత గుంజకు కట్టిన తాడు వైపు కాసేపు చూసింది. చూసి, నా చెయ్యంతా గట్టిగా పిసికింది.

నేను డబ్బు ఇచ్చాను. మల్లయ్య లెక్క చూసుకున్నాడు, ముఖం చిన్నబోయింది. "గిదేందే? నేను జెప్పిందేంది, నువ్వు జేసిందేంది?"

"ఎక్కేదానికొక ధర, గోడకు తగిలిచ్చేదానికొక ధర. నువ్వు నాకు గోడ ధర జెప్పినవ్."

మల్లయ్య సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. కాదంటాడేమో అనుకున్నాను. చివరికి, "చెయ్యి పడ్డ బేరం తిరుగది" అని గుంజకున్న తాడు విప్పి తన భుజాన వేసుకున్నాడు. పశువునమ్మితే తాడు అమ్మినవాడిదేనట. గంట విప్పబోతే బాలమ్మ ఆపింది.

బస గురించి అడిగేవాళ్లకు: కోస్గిలో లాడ్జి సంగతి నాకు తెలియదు. బాలమ్మ పోనివ్వలేదు. జొన్నగట్క, కందిపప్పు తిని ఆమె పక్కన చాప మీద పడుకున్నాను. "నువ్వెప్పుడన్నా ఎక్కినవా వదినె దాన్ని?" అని అడిగాను. "ముట్టనిచ్చిండా? నలభై ఏండ్లు గడ్డిమోపు నెత్తిన మోసిన, గది కొట్టంల నిలవడి చూసింది" అన్నది.

శనివారం పొద్దున ఆరింటికి బయల్దేరాను. ఎక్కి చూడమంటే ఎక్కలేదు కానీ, ఎర్ర కొమ్ము పట్టుకుని ఊరి చివరి దాకా తనే నడిపించింది బాలమ్మ. అక్కడ హ్యాండిల్‌కు పసుపు రాసి నా చేతికిచ్చింది. వెనక్కి చూస్తే చెయ్యి ఊపలేదు, నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది.

కోస్గి నుంచి మహబూబ్‌నగర్ యాభై కిలోమీటర్ల పైమాటే. ఎక్కుళ్లున్నాయి, రెండు చోట్ల దిగి నడిచాను, అబద్ధం చెప్పను. కోయిలకొండలో పది రూపాయల చాయ్, రెండు అరటిపండ్లు. గొర్రెల మంద అడ్డమొచ్చిన ప్రతిసారీ గంట మోగితే అవి తమలో ఒకటనుకున్నాయేమో, దారి ఇవ్వకుండా వెంట పడ్డాయి. తొమ్మిదీ యాభైకి మహబూబ్‌నగర్ బస్టాండ్ చేరాను. మొదటి బస్సు కండక్టర్ సైకిల్‌ను రానివ్వలేదు. రెండో బస్సు కండక్టర్, "ఆడోళ్లకు జీరో టికెట్ గని సైకిల్‌కు లేదమ్మా" అన్నాడు. "ఇది గూడ ఆడోళ్లదే సారూ" అన్నాను. నవ్వి, లగేజీ టికెట్ కొట్టి, చక్రాలు విప్పితే వెనక సీటు వెనక పెట్టుకోనిచ్చాడు. కల్వకుర్తిలో, దేవరకొండలో కూడా అట్లాగే బతిమాలీ, కొట్లాడీ ఎక్కించాను.

సాయంత్రం నాలుగుంబావుకు నల్లగొండ. చక్రాలు బిగించి గడియారం దగ్గరికి వచ్చేసరికి మహేందర్ దుకాణం ముందే ఉన్నాడు.

"ఏందక్కా, హోళీ ఆడొచ్చినవా?"

"నీ రూలుకు సరిపోతదో లేదో చూడు."

చూశాడు. సన్న టైర్లు, వంగిన హ్యాండిల్, గేర్లు. తప్పు పట్టడానికి ఏదీ దొరకలేదు. లేపి చూశాడు, కనుబొమలు కూడా లేచాయి. నేను గీకిన చోట పసుపుగీత కనిపించగానే ప్రాణం లేచి వచ్చినట్టయింది ఆయనకు. "అతుకున్నదక్కా! మోసపోయినవ్."

"ఇది కంచరాయన అతుకు. నీ ఫ్రేము పలిగితే అతుకెయ్యమని ఏ కంచరి దగ్గరికి పోతవు తమ్మీ?"

ఆయనది కార్బన్ ఫ్రేము, లోహం కాని దానికి కంచరి అతుకు పడదని ఆయనకూ తెలుసు. మాట మార్చాడు. "ఎంతకు కొన్నవ్?"

చున్నీ విప్పి చేతి మీద కప్పి చాపాను. "నోటితోని చెప్పేది గాదు. చెయ్యి పెట్టు, చెప్త."

మహేందర్ రెండడుగులు వెనక్కి వేసి, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూశాడు. నాకు మల్లయ్య గుర్తొచ్చాడు. "రేపు ఆరింటికి చౌరస్తాల ఉంట. ఆగితే ఆగున్రి, లేకుంటే లేదు. కట్టంగూర్ రోడ్డు ఎవ్వని జాగీరు గాదు" అని చెప్పి ఎక్కాను.

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లికి ఇరవై కిలోమీటర్లు. కాళ్లు సలిపాయి, వీపు మండింది, ఒక్కచోట కూడా దిగలేదు. రెండు రోజుల్లో ఈ ప్రయాణం నాకు నేర్పింది ఒక్కటే. వస్తువు విలువ కట్టడానికి దారం, అగ్గిపుల్ల, గోరు చాలు. ఆ విలువ కట్టే హక్కు నాకుందని చెప్పడానికే ఇంత దూరం తిరగాల్సి వచ్చింది. సైకిల్ ధర ఎంతని చదివేవాళ్లు నన్ను అడగొద్దు, కొంగు కింద బేరం కొంగు కిందే ఉంటుంది. రంగు తీయిస్తావా అని కూడా అడగొద్దు, తీయించను.

దుకాణం ముందుకు వచ్చేసరికి ఐదూ నలభై ఐదు. మా ఇంటాయన ఒక పిల్ల సైకిల్‌కు గాలి కొడుతున్నాడు. గంట చప్పుడుకు తలెత్తి, ఎర్ర కొమ్మునూ పచ్చ కొమ్మునూ చూసి, పంపు కింద పెట్టాడు.

"ఎంతైంది?"

చున్నీ కప్పిన చెయ్యి చాపాను. ఆయన చెయ్యి లుంగీకి తుడుచుకుని, రోడ్డు మీద అందరూ చూస్తుండగానే చున్నీ కింద పెట్టాడు. వేలికి వెయ్యి అని గుసగుసగా చెప్పి నేను వేళ్లు పట్టాను.

"గంతేనా!" అన్నాడు.

"నోరు తెరవకు, బేరం చెడుతది" అన్నాను.